కుడివైపు కింది మూల

మా వదిన గీసిన బొమ్మలు మీ అందరి ఇళ్లలోకీ వచ్చాయి. మీరు వాటిని చింపి చెత్తబుట్టలో పారేశారు. తప్పు మీది కాదు లెండి. సబ్బు కావాలంటే పెట్టె చింపక తప్పదు కదా.

ముప్ఫై మూడేళ్లు ఆవిడ అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీలో డిజైన్లు గీసింది. సబ్బులు, పళ్లపొడి, బిస్కెట్లు, దోమల కాయిల్స్, ఒకసారి ఎలుకల మందు కూడా. ఆఫీసులో అందరూ ఆవిణ్ణి మిల్లీమీటరమ్మ అనేవారు. గోడ మీద పాకే బల్లిని చూసి, దాని తోక రెండు మిల్లీమీటర్లు ఎడమకి ఒరిగిందని చెప్పేది. బల్లి సర్దుకునేది కూడా. ఇది అబద్ధమైతే నా పళ్లన్నీ రాలిపోవాలి. అవి కట్టుడు పళ్లన్న సంగతి ఇక్కడ అనవసరం.

పెళ్లికి ముందు, ఆర్ట్ కాలేజీ రోజుల్లో, ఆవిడ వేసినవి వేరే రకం. అందులో మనుషులుండరు, చెట్లుండవు. గుండ్రాలు, చతురస్రాలు, ఏటవాలు పట్టీలు, అంతే. ఒకదాన్ని వాళ్ల మాస్టారు కాలేజీ వరండాలో వేలాడదీశారట. తర్వాత ఇల్లు గడవాల్సి వచ్చింది, ఉద్యోగం దొరికింది, ఆ బొమ్మలు అటకెక్కాయి.

ఉద్యోగంలో మొదటి ఏడాది ఒక పొరపాటు జరిగింది. ప్రతి పెట్టె మీదా కుడివైపు కింది మూలలో రెండు వేళ్ల వెడల్పున తెల్లగా చోటు వదలాలి. రేటు, తేదీల ముద్ర తర్వాత అక్కడే వేస్తారు. వదిన ఒక బిస్కెట్ పెట్టె మీద ఆ మూల నిండా ముదురు నీలం నింపేసింది. నలభై వేల పెట్టెలు అచ్చయ్యేదాకా ఎవరూ గమనించలేదు. ముదురు నీలం మీద నల్ల ముద్ర ఏం కనిపిస్తుంది? మొత్తం సరుకు గుజ్జు చేసే మిల్లుకి పోయింది. మేనేజరు ఒక్క మాట తిట్టలేదు. ఆవిణ్ణి గోడౌన్ గుమ్మంలో నిలబెట్టి, ఆఖరి కట్ట లారీ ఎక్కేదాకా చూడమన్నాడు. ఆ మూల ఆవిడ మళ్లీ మర్చిపోలేదు.

రిటైరైన మర్నాడే వెనకగదిలోంచి మా అన్నయ్య క్యారమ్ బోర్డు బయటికి నడిచింది. దాని చోటులో పెద్ద బల్ల, రంగుల డబ్బాలు, అంచులు సూటిగా రావడానికి అంటించే టేపు చుట్టలు వచ్చాయి. అన్నయ్య స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. గుమ్మంలో అటెన్షన్‌లో నిలబడి, మొదటి బొమ్మ చూసి అడిగాడు.

"ఇదేంటి, పళ్లెమా?"

"గుండ్రం."

"గుండ్రం సరే, దేని గుండ్రం?"

"దేనిదీ కాదు. ముప్ఫై మూడేళ్లు నేను గీసిన ప్రతి గుండ్రమూ బిస్కెట్టే అయింది. ఇంక చాలు."

అన్నయ్య నావైపు తిరిగాడు. "మీ వదినకి బిస్కెట్ల మీద కోపం వచ్చిందిరా. రేపట్నుంచి నా టీలోకి త్రిభుజాలు పెడుతుందేమో!"

ఎనిమిది నెలల్లో అయిదు బొమ్మలు తయారయ్యాయి. మా వీధి చివర లైబ్రరీ పైన ఒక హాలుంది. అక్కడి పొడుగాటి గోడ మీద నెలకొకరి బొమ్మలు పెడతారు. హాలు చూసుకునే ఆవిడ, గురువారం మా ఇంటికొచ్చి చూస్తానని, నచ్చితే తీసుకుంటానని కబురు పెట్టింది. బుధవారమంతా వదిన బల్ల తుడిచిందే తుడిచింది.

"ఏమోయ్ మరిదీ, నేను వేసింది ఒక్కటైనా, ఎవరూ చింపకుండా, ఒక గోడ మీద ఉండగా చూడాలోయ్" అంది. అంతకుమించి ఆవిడ దేన్నీ అడగగా నేను వినలేదు.

గురువారం హాలావిడ వచ్చింది. మెడలో గొలుసుకి కళ్లజోడు. అయిదు బొమ్మల ముందూ నెమ్మదిగా నడిచి, వెనక్కొచ్చి, మళ్లీ నడిచింది.

"రంగులు భలే ధైర్యంగా ఉన్నాయమ్మా. ఇంతకీ ఇక్కడ ఏం రాస్తారు?"

"ఎక్కడ?"

"ఇదిగో, ఈ మూల. అయిదింట్లోనూ వదిలారుగా."

వదిన వంగి చూసింది. ఆ తెల్ల చోటు మేమిద్దరం ఎప్పట్నుంచో చూస్తూనే ఉన్నాం. అన్నయ్య అదేదో ఫ్యాషన్ అనుకున్నాడు, నేను సంతకానికి అనుకున్నాను. చూడనిది వేసిన మనిషి ఒక్కర్తే. స్కేలు తెచ్చి కొలిచింది. అయిదూ ఒక్కటే కొలత, ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లకి ఇరవై రెండు.

"ఏమీ అనుకోకండి" అంది హాలావిడ. "దూరం నుంచి చూస్తే లోపల సరుకు పెట్టని పెట్టెల్లా ఉన్నాయి. సోమవారం మళ్లీ వస్తాను. ఇంకేదైనా ఉంటే చూపించండి. ఆ గోడ కోసం ఇంకొకరు కూడా అడుగుతున్నారు."

ఆవిడ వెళ్లగానే అన్నయ్య అన్నాడు, "దానికేముంది, ఆ కాస్త చోటులో రంగు పూసెయ్."

"పూస్తే అతుకేసినట్టుంటుంది. బొమ్మంతా ఆ మూలకి భయపడుతూ పెరిగింది. చూడు, ఈ పట్టీ సగం దూరం వచ్చి ఆగిపోయింది, అక్కడ కుక్కని కట్టేసినట్టు."

శుక్రవారం కొత్త కాన్వాస్ మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి చూస్తే ఆ మూల మళ్లీ తెల్లగా మిగిలింది. కాన్వాస్‌ని తలకిందులుగా తిప్పి వేసింది. ఇప్పుడు కుడివైపు కిందికొచ్చిన కొత్త మూల ఖాళీగా ఉండిపోయింది. నాలుగు వైపులా తిప్పితే నాలుగు మూలల్లోనూ ఖాళీలే. ఆఖరికి ఆవిడే కుంచె పారేసి పకపకా నవ్వింది.

"వదినా, గుండ్రటి చెక్క మీద వేయండి. దానికి మూలలే ఉండవు" అన్నాను.

"పారిపొమ్మంటావా?"

"తప్పించుకోమంటున్నాను."

"చిన్నప్పుడు మీ కాన్వెంట్ బళ్లో సిస్టర్లు ఇదేనా నేర్పింది?"

"వాళ్లు నేర్పినవన్నీ తప్పించుకునే కదా ఇంతవాణ్ణయ్యాను."

శనివారం పొద్దున్నే నన్ను పిలిపించింది. ఇంకో తెల్ల కాన్వాస్ బల్ల మీద పరిచి ఉంది. పెన్సిల్‌కి దారం కట్టి, రెండో కొస నా చేతికిచ్చింది.

"దీన్ని సరిగ్గా ఈ మూల మీద వేలితో నొక్కిపట్టు. కుడివైపు కింది మూల, ఇదిగో. కదిలావంటే మీ అన్నయ్యకి అప్పగిస్తా, వంద గుంజీలు తీయిస్తాడు."

నేను ఊపిరి బిగబట్టాను. వదిన దారం లాగి పట్టుకుని, నా వేలి చుట్టూ ఒక వంపు గీసింది. దారం పొడుగు పెంచి దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. ఆఖరిది కాన్వాస్ అవతలి చివరదాకా పోయింది. ఇన్నాళ్లూ చివర్లో భయంగా చేరిన చోటు నుంచే ఈసారి బొమ్మ మొదలైంది. నా వేలు తీయించి, ఆ మూలలో మొట్టమొదట రంగు పూసింది. ఏ రంగో చూశాను. బిస్కెట్ పెట్టె నీలం. ముప్ఫై మూడేళ్ల తర్వాత కూడా ఏ రంగులో ఏది ఎన్ని చుక్కలు కలపాలో తడుముకోలేదు.

సోమవారం హాలావిడ వచ్చి, రాగానే ఆ మూలకే చూసింది. చూసిన కళ్లు అక్కడ నిలవలేదు, వంపుల వెంట పైకి పోయాయి. వాటి వెనకే ఆవిడ కూడా రెండడుగులు వెనక్కి వేసి, ఇస్త్రీ బల్లకి గుద్దుకుంది.

"ఇది తీసుకుంటాను" అంది నడుం రుద్దుకుంటూ.

"ఆరూ తీసుకోండి" అంది వదిన.

"ఆ అయిదూ మరి..."

"అవి పక్కన లేకపోతే ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? వరసగా ఆ అయిదూ పెట్టండి. చివర ఇది."

అడిగినట్టు లేదు, ప్రెస్సువాడికి పని చెప్పినట్టుంది. హాలావిడ కళ్లజోడు పెట్టుకుని వరసంతా మళ్లీ చూసింది. "అవును, చివర ఇదే ఉండాలి" అంది.

బొమ్మలు వేలాడదీసే రోజు మేం ముగ్గురం హాలుకి వెళ్లాం. అక్కడి పనివాడు అప్పటికే నంబరు చీటీలు అంటిస్తున్నాడు. గోడ మీద కాదు, బొమ్మల మీద! అయిదు తెల్ల చోట్లలో అయిదు చీటీలు, కొలిచి కోసినట్టు కూర్చున్నాయి.

"చీటీకి చోటు భలే వదిలారమ్మా! అందరూ ఇలా వదిలితే మా పని ఎంత తేలిక" అన్నాడు.

అన్నయ్య వాడి మీదికి వెళ్లబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండనీ. అవి దానికోసమే కాచుకున్నాయి."

పనివాడు ఆరోదాని దగ్గరకొచ్చి ఆగాడు. చీటీ వేలి మీద పెట్టుకుని అటూ ఇటూ వెతికాడు.

"దీన్లో చోటేదమ్మా?"

"లేదు నాయనా. గోడకి అంటించు."

వాడు అంటించి నిచ్చెన మడవబోయాడు. వదిన నాలుగడుగులు వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసింది.

"ఉండు, ఉండు. ఎడమవైపు అర మిల్లీమీటరు కిందికుంది. కొంచెం ఎత్తు."