వెళ్ళొస్తానని చెప్పే ప్రోగ్రాం

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక కోచింగ్ సెంటర్ ఐదో అంతస్తులో యాదలక్ష్మి పంతొమ్మిదేళ్ళుగా లాబ్ తాళం తీస్తోంది. కర్మన్‌ఘాట్ నుంచి షేర్ ఆటోలో ఎల్బీనగర్, అక్కడి నుంచి మెట్రో. ఏడున్నరకల్లా కిటికీలు తెరుస్తుంది. ఇరవై నాలుగు కంప్యూటర్లు ఒకదాని వెనక ఒకటి వెలుగుతుంటే, తెల్లవారుజామున పొలానికి నీళ్ళు మళ్ళించే తండ్రి వెనక గట్టు మీద నడిచిన రోజులు ఆమెకు లీలగా కనిపిస్తాయి. ఆ పొలం ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్.

చేరినప్పుడు ఆమె పని దుమ్ము తుడవడం, స్విచ్చులు వేయడం. చదివింది ఇంటర్. తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని, వెనక గోడకు ఆనుకుని గంగాధరరావు పాఠం విన్నది. ఆయన భీమవరం మనిషి, చంపాపేట్‌లో స్థిరపడ్డాడు. సెంటర్‌లో ఆయన చెప్పేది ఒకటే సబ్జెక్టు, కెర్నల్.

"ఆపరేటింగ్ సిస్టమ్ ఒక ఇల్లనుకోండి," అనేవాడు. "హాల్లో ఎవరైనా కూర్చోవచ్చు. కెర్నల్ వంటిల్లు. అక్కడికి అయినవాళ్ళే వెళ్ళాలి. లోపల చెయ్యి జారితే ఆ పూట ఇంటిల్లిపాదీ పస్తే."

వంటింట్లోకి వెళ్ళే చిన్న చిన్న ప్రోగ్రాంలను మాడ్యూళ్ళు అంటారు. పిల్లలు నేర్చుకోవడానికి ఆయన పన్నెండు శాంపిల్స్ రాసి, స్పైరల్ బైండింగ్ చేయించాడు. మొదటిది మరీ చిన్నది. ఒకరోజు అందరూ వెళ్ళాక యాదలక్ష్మి అడిగింది.

"ఇదేం పని చేస్తది సార్?"

"ఏమీ చేయదమ్మా. వస్తుంది, 'వచ్చా' అంటుంది. వెళ్తుంది, 'వెళ్ళొస్తా' అంటుంది."

"గంతేనా?"

"ఆ రెండూ దానికి తెలిస్తే మిగతాది మెల్లిగా నేర్పుకోవచ్చు."

ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చోబెట్టుకుని బిల్డ్ చేయించాడు. రాసిన అక్షరాలను యంత్రం నడపగల రూపంలోకి మార్చడమే బిల్డ్. తెర మీద నాలుగు వరసలు కదిలి ఆగాయి. దాన్ని లోపలికి పంపగానే ఇంగ్లీషు అక్షరాల్లో 'వచ్చా' అని కనబడింది. లోపలెక్కడో ఎవరో తనను చూసి పలకరించినట్టయింది ఆమెకు. అప్పటి నుంచి రోజూ పొద్దున, క్లాసు మొదలవకముందే, పన్నెండూ ఒకసారి బిల్డ్ చేసి చూసుకోవడం అలవాటైంది. ఎవరూ చెప్పని పని అది. జీతంలో లేని పని.

రెండేళ్ళ క్రితం గంగాధరరావు చూపు మందగించి పాఠాలు మానుకున్నాడు. తర్వాత వచ్చిన ఇద్దరు ఫ్యాకల్టీ ఎక్కువ రోజులు నిలవలేదు. ఈ జూన్‌లో కొత్త మెషిన్లు వచ్చాయి. వాటిలో కొత్త కెర్నల్. పన్నెండు శాంపిల్స్‌లో ఏడు బిల్డ్ కాలేదు.

సెంటర్ యజమాని బాపిరాజు లాబ్ గుమ్మంలో నిలబడి చెప్పాడు. "ఆదివారం ఒక డెమో పెడదాం. పదిమంది చేరితే కోర్సు ఉంటుంది. లేకపోతే ఈ గది డేటా సైన్స్‌కి ఇచ్చేస్తాను. ఏమనుకోకు యాదలక్ష్మీ."

"డెమో ఎవరు చెప్తరు సార్?"

"ఉన్నది నువ్వేగా!"

ఆమెకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. డిగ్రీ లేదని ఇన్నేళ్ళూ బోర్డు మీద చాక్‌పీస్ పెట్టనివ్వలేదు.

ఆ వారమంతా పొద్దున్నే వచ్చి, ఎర్రర్లను ఫోన్లో గంగాధరరావుకు చదివి వినిపించింది.

"మనం ఎక్కువ మాటలు చెప్తున్నమంట సార్. రెండు చెప్పినం, ఒకటి చాలంటుంది."

"ఇల్లు మారిందమ్మా. ఎవరి తాలూకని ఇప్పుడు అడగడం లేదు. పేరొక్కటి చెప్పు, లోపలికి రానిస్తుంది."

ఆమె ఒక మాట తీసేసింది. కెర్నల్ రానిచ్చింది. అలా శనివారం మధ్యాహ్నానికి పన్నెండూ నిలబడ్డాయి. తిరుగు మెట్రోలో చైతన్యపురి దాటాక కునుకు పట్టింది. కలలో వంటిల్లు. మసకవెలుతురు, పొయ్యి మీద పాలు. ఎవరో ఒక్కొక్కరే వచ్చి పీట మీద కూర్చుంటున్నారు. ఎవరి ముఖమూ తెలియదు. అందరూ అయినవాళ్ళే.

ఆదివారం పొద్దున డెమో మెషిన్‌లో మొదటి ప్రోగ్రాం తెరిచి ఆమె ఒక క్షణం ఆగింది. కొత్తగా అడుగుపెట్టినవాళ్ళ ముందు పోయే మాట ఎత్తొద్దని వాళ్ళమ్మ అనేది. కొత్తకోడలు వచ్చిన రోజు ఆ ఇంట్లో ఎవరూ 'పోతున్న' అనేవాళ్ళు కాదు. పోయొస్తా అనడానికి కూడా మర్నాటిదాకా ఆగాల్సిందే. తనకిది మొదటి క్లాసు. 'వెళ్ళొస్తా' ఉన్న నాలుగు లైన్లూ ఆమె తీసేసింది. బిల్డ్ చేసింది. కంప్యూటర్ ఏమీ అనలేదు. ఎర్రర్ లేదు, హెచ్చరికా లేదు.

పదిగంటలకు పద్నాలుగుమంది వచ్చారు. గంగాధరరావు ఆటోలో వచ్చి, గోడ తడుముకుంటూ వెనక బెంచీలో కూర్చున్నాడు. బాపిరాజు గుమ్మం దగ్గరే ఉన్నాడు.

ఆమె వంటింటి గురించి చెప్పింది. మాడ్యూల్‌ను లోపలికి పంపింది. పెద్ద తెర మీద 'వచ్చా' అని పడింది.

"ఇప్పుడు తీసేసి చూపించండి మేడమ్," ముందు వరసలో తన్మయి అనే అమ్మాయి అడిగింది. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటోంది.

ఆమె తీసేసే కమాండ్ కొట్టింది. అది కదలలేదు. పనిలో ఉందని జవాబు వచ్చింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. జాబితా తెరిచి చూస్తే దాని పేరు పక్కన 'పర్మనెంట్' అని ఉంది.

"అతుక్కుపోయింది," ఎవరో గొణిగారు. బాపిరాజు గడియారం చూసుకున్నాడు. యాదలక్ష్మి వెనక బెంచీ వైపు చూసింది. ఆయన చూపు ఆమెకు కొంచెం పక్కగా, కిటికీ మీద ఉంది. ముఖంలో చిన్న నవ్వు.

నిన్నటి కల గుర్తొచ్చింది. పీట మీద కూర్చున్నవాళ్ళు ఎవరూ లేవలేదు. ఎట్ల లేస్తరు? పోయేటప్పుడు ఏమనాల్నో వాళ్ళకు ఎవరు చెప్పిండ్రు?

"తప్పు నాదే," అంది బయటికే. "మొదటి రోజు పోయే మాట ఎందుకని నేనే తీసేసిన. వెళ్ళొస్తా అనుడు నేర్పకపోతే కెర్నల్ దాన్ని పోనియ్యదు. ఎన్నిసార్లు గుంజినా గంతే. ఇగ ఇల్లు మొత్తం ఆర్పి మళ్ళ ముట్టియ్యాలె."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మెషిన్ ఆగి, మళ్ళీ మొదలయ్యేలోపు ఆమె బోర్డు మీద ఆ నాలుగు లైన్లు రాసింది. తర్వాత ప్రోగ్రాంలో కలిపి బిల్డ్ చేసింది. 'వచ్చా.' తీసింది. 'వెళ్ళొస్తా.'

అందరూ తమ తమ మెషిన్ల మీద పడ్డారు. మూడో వరసలో ఒకతను 'పోయొస్త' అని మార్చుకున్నాడు.

"మా హయత్‌నగర్‌ల వెళ్ళొస్తా అంటే బస్సు ఎక్కనియ్యరు మేడమ్."

"ఏదన్నా అనుర్రి, అనకుండ మాత్రం పోకుర్రి," అంది ఆమె.

ఒంటిగంటకు రిసెప్షన్‌లో పదకొండు పేర్లు పడ్డాయి. గంగాధరరావును లిఫ్టు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

"నేనెప్పుడూ సరిగ్గా నడిచేదే చూపించాను," అన్నాడాయన. "ఆ లైన్లు లేకపోతే ఏమవుతుందో ఎవరికీ చూపించలేదు. వెళ్ళొస్తానమ్మా."

"పోయి రండ్రి సార్."

వెనక్కి వస్తుంటే బాపిరాజు ఎదురయ్యాడు. "మెటీరియల్ పదకొండు సెట్లు జిరాక్స్‌కి పంపనా మేడమ్?"

ఆ చివరి మాట విని ఆమె తల వంచుకుంది.

"జర ఆగుండ్రి సార్. ఇంకొక పేజీ ఉన్నది."

లాబ్‌లోకి వెళ్ళి ఒక తెల్లకాగితం తీసుకుంది. పైన 'శాంపిల్ 13' అని రాసింది. దాని కింద, 'వచ్చా' వరకే ఉన్న ప్రోగ్రాంను నింపాదిగా, ఒక్కో అక్షరమే రాయసాగింది.