తెల్లబట్ట కట్టని తోర్‌బాజ్

గోడ అవతల రాతి మీద ఇనుము నూరుతున్న చప్పుడు. గీసిన ప్రతిసారీ పొద్దుటి చలి కాస్త తెగి పడుతున్నట్టుంది. తర్వాత ఒక దగ్గు, ఒక తిట్టు. ఆ తర్వాతే తోర్‌బాజ్ కాకా తన ఇంటి గుమ్మంలోకి వచ్చాడు, పొట్టి గునపం భుజాన వేసుకుని.

మా ఊరు కాందహార్‌కు ఉత్తరాన, బాదం తోటల మధ్య. కొండ పాదం నుంచి తోటల దాకా నేల కింద నీరు నడిచే సొరంగమే మా కారెజ్. దాని పొడవునా ముప్ఫై నాలుగు బావులు. ఆ చీకట్లోకి దిగి పూడిక తీసే పని తోర్‌బాజ్‌ది. పన్నెండో ఏట మొదలుపెట్టాడు, అప్పటికి డెబ్బై నిండాయి. నీరు ఎటు తిరుగుతుందో అరికాళ్ళతో చెప్పేవాడు.

ఆ వసంతంలో నీరు ఆగిపోయింది. బాదం పూత రాలి పిందె కట్టే రోజులు. పది రోజులు తడి లేకపోతే పిందెలు నిలవవు, గోధుమ ఎండుతుంది, ఆపైన ఊరు ఊరంతా మూట కట్టుకోవాల్సిందే. ఎక్కడ తెగిందో ఆయనకు దిగకుండానే తెలుసు. పంతొమ్మిదో బావి. పదేళ్ళ కింద, లోపల ఎవరో దాక్కున్నారని సైనికులు అందులోకి పేలుడు మందు జారవిడిచారు. లోపల ఎవరూ లేరు. నీళ్ళున్నాయి, అంతే. ఆ దెబ్బకి పగిలిన చోట అతికిన మట్టి ఒరలు ఇప్పుడు కూలాయి. అంతకుముందు వచ్చిన సైన్యం ఏడు బావులు పూడ్చిపోయింది. మధ్యలో మావాళ్ళే, ఇదే నీరు తాగే పక్క ఊరి మీద పగతో, రెండు బావుల్లో చచ్చిన ఒంటెల్ని పడేశారు. జెండా ఎవడిదైనా పూడిక నాదేనని తోర్‌బాజ్ ఉమ్మేసేవాడు.

కారెజ్‌లోకి దిగేవాడు తెల్లబట్టలే కట్టాలి. మట్టి కూలితే శవాన్ని పైకి తీయలేరు, ఒంటి మీదిదే కఫన్, శవానికి చుట్టే బట్ట. పైన నిలబడి నమాజు చదివి వెళ్ళిపోతారు. ఆ రోజు తోర్‌బాజ్ గోధుమరంగు బట్టల్లో వచ్చాడు. భార్య జర్మీనా పోయాక ఆయన బావిలోకి దిగడం అదే మొదటిసారి.

బావి దగ్గర గిలక తిప్పేది బావమరిది గైరత్. నలభై ఏళ్ళుగా తోర్‌బాజ్ ప్రాణం ఆయన చేతుల్లోని తాడుకే వేలాడింది. బావ బట్టలు చూసి గైరత్ తాడు వదిలి కింద కూర్చున్నాడు.

"ఇలా దింపను బావా. పోయి మార్చుకొని రా."

"దింపకపోతే పిందెలకి నీ గడ్డం పిండుతావా?"

"కఫన్ లేని మనిషిని మట్టిలోకి తోశాడని రేపు ఊరు నన్నంటుంది."

పెద్దలంతా గైరత్ వైపే. తాతల నాటి కట్టు తప్పితే బావి ఊరుకోదన్నారు. ఒకాయన తన తెల్ల చొక్కా విప్పి ఇచ్చాడు. తోర్‌బాజ్ దాన్ని అందుకుని, మడత పెట్టి, నేల మీద ఉంచాడు. గైరత్ ఒక్కడినే చూస్తూ, గొంతు పెంచకుండా అన్నాడు.

"యాభై ఎనిమిదేళ్ళు కఫన్ కట్టుకొని దిగాను. ప్రతిసారీ బతికే వచ్చాను. మీ అక్క ఆకుపచ్చ బట్టలు కట్టుకొని పక్కింటి నిశ్చితార్థానికి వెళ్ళింది. ఆకాశంలోంచి చంపారు. కఫన్‌లో పెట్టడానికి ఏం మిగిలిందో నీకు తెలుసు, ఏరింది నువ్వే. ఈ దేశంలో చావుకి సిద్ధంగా ఉండాల్సింది బావిలో దిగేవాడట్రా? ఊరందరికీ కట్టించండి తెల్లబట్ట. అప్పుడు నేనూ కడతాను."

గైరత్ తన అరచేతులు చూసుకున్నాడు, అక్కడేదో ఇంకా అంటుకుని ఉన్నట్టు. లేచి తాడు అందుకున్నాడు.

"దిగు. చస్తే మాత్రం ఏడవను."

"ఉల్లిపాయ తరిగినప్పుడు తప్ప నువ్వెప్పుడు ఏడ్చావులే, గాడిదా."

మూడు రోజులు తవ్వాడు. మూడో మధ్యాహ్నం కారెజ్ నోట్లోంచి ముందు గాలి వచ్చింది, తర్వాత బురద, ఆ తర్వాత వెలుతురులాంటి నీరు. ఆడవాళ్ళు కుండలతో పరుగెత్తారు. పెద్దలు గొర్రెను కోశారు. కాలువ పక్కన ఒక రాయి నిలబెడదామని, దాని మీద చెక్కే మాటలు బడి మాస్టర్‌నని నన్ను రాయమన్నారు. దేవుడి దయ వల్ల, తోర్‌బాజ్ ధైర్యం వల్ల నీరు తిరిగి వచ్చిందని రాసి, గట్టు మీద కూర్చుని మట్టి దగ్గుతున్న ఆయనకే మొదట చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. నెల తిరక్కుండానే ఆ దగ్గుతోనే మంచంలో పోయాడు. ఈలోగా నేను ఆయన గుమ్మం తొక్కలేదు. కాబట్టి నాతో ఆయన ఆఖరుగా అన్నది ఇదే:

"నా పేరు కొట్టెయ్‌రా మాస్టారూ. నీళ్ళొచ్చాయని గొర్రెకి కూడా తెలుస్తుంది, దానికి రాయెందుకు? ఆపినవాళ్ళెవరో అది రాయి. ఒక్కొక్కడినీ రాయి. మనవాళ్ళని వదిలావంటే నీ చెయ్యి విరగ్గొడతాను."