లింగం మామ రెండు పూటలా బయట తిన్న రోజు

లింగం మామ మాట్లాడితే సూరత్‌లోని మా నవాగామ్‌లో పక్క గల్లీకి కూడా వినిపిస్తుంది. వయసంతా సాంచెల మోతలో గడిపిన మనిషి. మరమగ్గాల దగ్గర పనిచేసేవాళ్ల చెవులు ఎలాగూ పోతాయి, మామకు వాటితోపాటు మెల్లగా మాట్లాడటం కూడా పోయింది. గుట్టు చెప్పినా అరిచే చెబుతాడు. అందుకే ఆయనకు ఎవరూ గుట్లు చెప్పరు, ఆయన దగ్గరా దాచుకునేవేం ఉండవు. ఉన్న ఒక్కటీ ఒక సెలవు రోజున కడుపులో పెట్టుకుని సూరత్ అంతా తిరిగాడు. ఆ రోజు బండి నడిపింది నేనే.

మామది మెట్‌పల్లి దగ్గర ఒక ఊరు. ఆయన భార్య లతత్త అక్కడే బీడీలు చేసుకుంటూ ఉంటుంది. పెళ్లికో చావుకో మామ పోయి వస్తాడు. మిగతా రోజులన్నీ ఆయనకు అన్నం పెట్టేది నర్సవ్వ. ఆయనకే కాదు, మా గల్లీలో సాంచెలు నడిపే మగవాళ్లలో సగం మందికి ఆమే పెడుతుంది. మామకు కామెర్లు అయినప్పుడు ఉప్పులేని పప్పు వేరేగా వండి, బతిమాలి, తిట్టి, చివరికి కొడతానని చెయ్యెత్తి తినిపించింది.

నర్సవ్వ మెస్ అంటే రేకుల కింద ఒక గది, ఒక పెద్ద పొయ్యి, గోడకు చెక్క స్టాండు. స్టాండులో ఎవరి పళ్లెం వాళ్లది. ఆ రోజు తినడానికి రానివాడు పొద్దున్నే తన పళ్లెం బోర్లించి పోవాలి. వెల్లకిలా ఉందంటే వస్తున్నట్టే. బియ్యం ఎంత పోయాలో తెలియడానికి పెట్టుకున్న పద్ధతి ఇది. నర్సవ్వ దానికి తన పద్ధతి ఇంకొకటి కలిపింది. వెల్లకిలా ఉన్న ఆఖరి పళ్లెంలో అన్నం పడేదాకా ఆమె తినదు. షుగర్ వచ్చాక డాక్టర్ వేళకు తినమని గట్టిగా చెప్పాడు. మరి డాక్టరొచ్చి మీకు వడ్డిస్తాడా అని మమ్మల్నే అడిగింది. షుగర్ గోళీ మాత్రం పొద్దున్నే వేసుకుంటుంది. ఆ పళ్లేలతో పరాచికాలు ఆడితే ఏమవుతుందో నా వీపుకు బాగా తెలుసు.

పళ్లెం బోర్లించడంలో ఒక చిక్కుంది. బోర్లించినవాడిని నర్సవ్వ అంత తేలిగ్గా పోనివ్వదు. ఎక్కడ తింటున్నావు, ఎవరు పిలిచారు, ఏం వండుతారట, నా పప్పు కంటే బాగుంటుందా అని తలుపు దాకా వచ్చి మరీ అడుగుతుంది.

మామ పనిచేసే సాంచెల కార్ఖానాను ఖాతా అంటారు. ఇలా ఉండగా ఆ ఖాతా సేటు కోడలు, డబ్బున్నవాళ్లుండే వేసులో కొత్త రెస్టారెంట్ పెట్టింది. తెరవడానికి ముందు ట్రయల్ అన్నారు. వంటవాళ్లకు, వెయిటర్లకు చెయ్యి తిరగాలని తెలిసినవాళ్లను కూర్చోబెట్టి ఊరికే తినిపించడమన్నమాట. ఖాతాలో అందరికంటే పాతవాడని సేటు మామను పిలిచాడు. తోడుగా ఒకరిని తెచ్చుకోమన్నాడు. మెనూ ఇంగ్లీషులో ఉంటుంది, చదివి పెడతానని నేను ఎగబడ్డాను. నా ఇంగ్లీషంతా నూలు డబ్బాల మీద నేర్చుకున్నదని మామకు చెప్పలేదు.

ఆ పొద్దున మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టాండు ముందు నిలబడ్డాడు. చెయ్యి పళ్లెం దాకా పోయింది. అంతలో పొయ్యి దగ్గర నుంచి నర్సవ్వ ఆ చొక్కా చూసి ఎక్కడికని అడిగింది.

"సచిన్ దాకా అక్కా. ఆడ కొత్త సాంచెలు సూసేదుంది," అన్నాడు మామ. సచిన్ అంటే సూరత్ అవతల కార్ఖానాల పేట.

జల్దీ రమ్మంది నర్సవ్వ. మెస్‌లోనే తినే బక్కయ్య ఊరి నుంచి చింతచిగురు తెచ్చాడని, మామకు ఇష్టమని పప్పులో వేస్తున్నానని చెప్పింది. మామ చెయ్యి వెనక్కి వచ్చేసింది. పళ్లెం వెల్లకిలానే ఉండిపోయింది. నాది నేను ఆమె చూడకముందే బోర్లించేశాను.

బండి మీద నేను ఊరుకోలేదు. అబద్ధం ఎందుకని అడిగాను.

"ఏమని చెప్పాల్రా? నీ అన్నం ఇడిసిపెట్టి పెద్ద హోటల్ల తినబోతున్న అనాల్నా?"

పరాయి ఆడదాని ఇంటికి పోతున్నవాడిలా ఉన్నావు మామా అన్నాను. వెనక నుంచి నెత్తి మీద ఒకటి పడింది. ఆయన లెక్క ఆయనకుంది. అక్కడ నాలుగు ముద్దలు తిని, మధ్యాహ్నానికే తిరిగి వచ్చి ఇక్కడ మళ్లీ తింటే ఎవరికీ అన్యాయం కాదని.

రెస్టారెంట్ లోపల చల్లగా, పెళ్లి లేని రోజు ఫంక్షన్ హాలులా ఉంది. వెయిటర్ వచ్చి మా ఒళ్లో చెరొక గుడ్డ పరిచాడు. మామ దాన్ని తీసి లైటుకు పట్టి చూసి, పాలిస్టర్ కలిపారని ప్రకటించాడు. పక్క టేబుళ్లవాళ్లు తమ గుడ్డలు తడుముకున్నారు. మెనూ నేను తడుముకోకుండా చదివాను. ఎన్ని తప్పులు చదివానో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు. తట్టంత పళ్లేలు వచ్చాయి, వాటి మధ్యలో గుప్పెడు తిండి. పనీర్ మీద ఏదో పచ్చటి నురగ, దాని మీద ఒక పువ్వు. పువ్వు తినాలా తీసెయ్యాలా అని మామ నన్ను అడిగాడు. నేను తినమన్నాను. తిన్నాడు.

సేటు కోడలు టేబుల్ టేబుల్‌కూ వచ్చి ఎలా ఉందని అడిగింది. ఆమె స్నేహితులు ఉప్పనీ, ఆలస్యమనీ ఏదో ఒక వంక పెడుతున్నారు. మామ మాత్రం ప్రతి దానికీ హాలంతా అదిరేలా బఢియా అన్నాడు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అలా పొగిడినవాడు ఆమెకు ఆ రోజు ఇంకెవరూ దొరకలేదు. సాయంత్రం మెనూ వేరే ఉందని, అంకుల్ అది కూడా రుచి చూడాల్సిందేనని పట్టుపట్టింది. సేటు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇన్నేళ్లలో సేటు చెయ్యి మామ భుజం మీద పడటం అదే మొదలు. మామ కూర్చుండిపోయాడు.

కనీసం ఫోన్ చెయ్యి, తిన్నానని చెప్తే ఆమె తింటుంది అన్నాను. మామ చెవికి స్పీకర్ పెడితే తప్ప వినపడదు. పెట్టాడు.

"తిన్నవా?" అంది నర్సవ్వ, హలో కూడా అనకుండా.

"ఇంకా లేదక్కా," అన్నాడు మామ.

"అయితే జర జల్దీ రా. పప్పు తీసి పెట్టిన."

ఫోన్ పెట్టేసింది. మామ నా వైపు, నేను మామ వైపు చూసుకున్నాం. ఎప్పుడు అడిగినా లేదనే చెప్పేవాణ్ణి, నోటికి అదే వచ్చిందిరా అన్నాడు. మళ్లీ చెయ్యమన్నాను. ఇప్పుడే లేదని ఇప్పుడే తిన్నానంటే ఏమనుకుంటుందని చెయ్యలేదు. నువ్వు తిన్నావా అక్కా అని ఆయన అడగలేదు. అడగాల్సిన పనీ లేదు.

సాయంత్రం దాకా అక్కడే సోఫాలో కూర్చోబెట్టి ఏవో రంగు నీళ్లు తాగించారు. దీపాలు తగ్గించి మళ్లీ వడ్డన మొదలుపెట్టారు. సూపు, జున్ను సాగే రొట్టె, ఇంకేవో. మామ ఒక్కొక్కటి నోట్లో పెట్టుకుంటున్నాడు గానీ, నమిలేటప్పుడు కళ్లు తలుపు మీదే ఉన్నాయి. బఢియా అనడం మానేశాడు. సగంలో లేచి నిలబడి సేటు దగ్గరికి పోయి, ఇంట్లో ఒకరు నా కోసం తినకుండా కూర్చున్నారు, పోతానని హిందీలో చెప్పాడు. అరే, ముందే చెప్పొద్దా, వెళ్లు వెళ్లు అన్నాడు సేటు. అంతే. మధ్యాహ్నమే ఈ మాట అంటే అప్పుడే వదిలేవాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి మీద మామ నా నెత్తిన ఒక్కటి కూడా వెయ్యలేదు.

మెస్‌లో అందరూ తిని పోయారు. పక్కింటి మంగ గుమ్మంలోనే ఆపింది. మధ్యాహ్నం నర్సవ్వకు కళ్లు తిరిగాయని, తాను చక్కెర నీళ్లు తాగించానని, అన్నం మాత్రం ఎంత చెప్పినా తినలేదని చెప్పింది. లోపల నర్సవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, మామ పళ్లెం తీసింది. అన్నం, చిగురు పప్పు వేసింది.

మామ ఒక ముద్ద కలిపి చేతిలోనే పట్టుకున్నాడు.

"నేను సచిన్ పోలేదక్కా," అన్నాడు.

ఆపైన అంతా చెప్పాడు. పువ్వు తిన్న సంగతితో సహా చెప్పాడు. నర్సవ్వ గరిటె చేతిలో పట్టుకుని వింది. హోటల్ గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"ఫోన్ల అడిగితి గదా. తిన్న అంటే అయిపోతుండె."

మామ కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు, పళ్లెం మొత్తం తిన్నాడు. ఆయన కడుపులో చోటు లేదని నాకు తెలుసు. నర్సవ్వ అప్పుడు తన పళ్లెం పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుని తింది. తిట్టక్కా అన్నాడు మామ. తిట్టలేదు. నేను గట్టిగా తుమ్మినా తిట్టే మనిషి ఆమె.

తర్వాత చాలా రోజులు మామకు వడ్డించింది, మాట్లాడలేదు. మిగతావాళ్లను ఇంకింత పెట్టాల్నా అని అడిగేది. మామను అడగకుండానే వేసి పోయేది. ఆయన వద్దనలేక తినేవాడు. ఖాతాలో దారాలు తెగితే చూసుకోవడం లేదని, ఒంట్లో బాగాలేదేమోనని తోటివాళ్లు నన్ను అడిగారు. బాగానే ఉంది, రెస్టారెంట్‌లో తిన్నాడు అని చెప్పాను. వాళ్లకు అర్థం కాలేదు.

మళ్లీ సెలవు వచ్చింది. ఆ పొద్దున నేను పోయేసరికి మామ మెస్‌లో ఉల్లిగడ్డల బుట్ట ముందు కూర్చుని ఉన్నాడు. తెగిన దారం కంటికి కనపడనంత సన్నగా ముడివేసే చేతులు, కత్తి పట్టడం మాత్రం రాదు. నర్సవ్వ చూసింది, పొమ్మనలేదు. బుట్ట ఖాళీ చేశాడు. ముక్కు ఎగబీలుస్తున్నాడు. నేను నవ్వబోయి మానుకున్నాను. భోజనాల బంతి మొదలయ్యాక ఆయన పళ్లెం తీసుకోలేదు. నువ్వు కూసున్నప్పుడే నేను కూసుంట అక్కా అని మూలకు పోయి కూర్చున్నాడు. జనం వచ్చారు, తిన్నారు, పోయారు. నన్నూ తిని పొమ్మన్నారు గానీ, ఇది చూడకుండా ఎలా పోతాను.

ఆఖరివాడు చెయ్యి కడుక్కున్నాక నర్సవ్వ రెండు పళ్లేలు తెచ్చి కింద పెట్టింది. ఆయనకు వడ్డించింది, తనకు వడ్డించుకుంది. ఎదురుగా కూర్చుని, కూరలోంచి ఒక ఉల్లి ముక్క రెండు వేళ్లతో పైకి తీసి చూసింది.

"గింత లావు కోస్తె ఎవడు తింటడు లింగం? రేపు జర సన్నగ కొయ్యి."

మామ సరేనని తలూపి, కూర కలుపుకున్నాడు.