మంగ్లి ఎత్తని ఫోను

ఇల్లందు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక తండా. అక్కడికి మొదటి ఫోను మంగ్లి ఇంటికే వచ్చింది. ఊరికే రాలేదు. ఏడో తరగతితో చదువాపిన ఆ మనిషి, పదకొండు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని టెలిఫోను ఆఫీసు మెట్ల మీద రెండు రోజులు కూర్చుంది.

"కరెంటే సరిగ్గా లేని తండాకు ఫోనెందుకమ్మా?" అన్నాడు అధికారి.

"మా మొగోళ్లు పుణెల అంతస్తులు కడతాండ్రు సారూ. బతికున్నరో లేదో మాకెరుక గావాల్నా, వద్దా?"

ఫోను వచ్చింది. ఏసీ గది అక్కర్లేకుండా మన ఎండకూ దుమ్ముకూ తట్టుకునే పల్లె ఎక్స్ఛేంజీలను సర్కారు సొమ్ముతో మన ఇంజినీర్లే తయారుచేశారు. పరిశోధన ఖర్చు దండగ అనేవాళ్లు ఆ తండాకు పోయి, ఆడవాళ్ల ముందు నిలబడి ఆ మాట అనాలి. నా కోపం వేరేచోట. పెట్టె తండాదాకా వచ్చింది, మాట రాలేదు. పుణెతో నిమిషం మాట్లాడితే సగం రోజు కూలి పోయేది.

అందుకే మంగ్లి ఒక కట్టుబాటు పెట్టింది. ఆదివారం పొద్దున ఒక్కొక్క మగవాడికి ఒక్కొక్క సమయం. ఫోను మోగితే ఎవరూ ఎత్తరాదు. ఎత్తకపోతే అవతల బిల్లు పడదు. ఒక్క మోత అంటే బాగున్నాను. రెండంటే మనియార్డరు పంపాను. మూడంటే ఆపద. ఆరేళ్లు తండా అట్లాగే బతికింది.

2006 వేసవిలో ఒక ఆదివారం. ఎనిమిదింటికి రామ్‌సింగ్ వంతు. అతని భార్య ద్వాలి వచ్చి ఫోను ముందు కూర్చుంది. తరువాత జరిగింది మంగ్లి నాకు చెప్పినట్టే రాస్తున్నాను.

ఫోను మోగింది. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు. నాలుగు, ఐదు, ఆరు.

"అక్కా, మూడు దాటింది."

"అవ్. ఇంటున్న."

మూడు దాటితే ఏమిటో మంగ్లి ఎవరికీ చెప్పలేదు. ద్వాలికి ఒక్కటే తోచింది. రామ్‌సింగ్ పని ఏడో అంతస్తులో. మోత ఆగి మళ్లీ మొదలైంది.

"ఎత్తక్కా!"

"ఎత్తితే వాని కూలి పోతదే."

"మనిషే లేకుంటే కూలెవనికి?"

మంగ్లి ఎత్తింది.

"ఏందక్కా, చెవుడొచ్చిందా? ఎంతసేపు కొట్టాలె?" రామ్‌సింగ్ గొంతే.

"నీకేమైందిరా?"

"నాకేమైతది? దేశంల ఏడికి కొట్టినా నిమిషం రూపాయేనంట. ఎస్టీడీ బూతాయన చెప్పిండు. మాట్లాడదామని కొట్టిన."

"సచ్చినోడా! గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? మీరు ఎత్తితే గదా!"

మంగ్లికి నవ్వాగలేదు. నవ్వుతూనే గోడకు చేరబడి రిసీవరు ద్వాలికి అందించింది. ద్వాలి కొంగుతో మొహం తుడుచుకుంది. మొగుడి గొంతు విని ఏడాది దాటింది.

"ఏం తిన్నవ్?" అంది.

అవతల ఏదో అన్నాడు.

"ఉత్త రొట్టెనా? పొద్దుగాల లేచి ఇంత కూర వండుకోరాదా? గంత పెద్ద ఊర్లె కూరగాయలు దొరుకుతలేవా?" అని ద్వాలి గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది.