ఆడబిడ్డ అని రాయించిన తల్లి

ఉమామహేశ్వరమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఉన్న ఆ పల్లెలో ఎవరినడిగినా ఈ మాటే చెప్తారు. పాలలో నీళ్లు కలిపి ఎరగదు, ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పి ఎరగదు. జన్మకంతా ఆడింది ఒక్క అబద్ధం. కాకపోతే దాన్ని తీసుకుపోయి సర్కారు పుస్తకంలో రాయించింది. అక్కడ వచ్చింది చిక్కు.

ఆమెకు మొదట ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పాలు తాగే వయసులో జ్వరమొచ్చి, రెండోవాడు అమ్మవారు పోసి. ఊరి మునసబు సుబ్బయ్య ఆమె భర్త రంగయ్యకు స్వయానా అన్న. జనన మరణాల రిజిస్టరు ఆయన దగ్గరే ఉండేది. పుట్టగానే మగశిశువు అని ఆయన అందులో రాయడం, ఏడాది తిరక్కుండానే పోయాడని రాయడం, రెండుసార్లూ ఇదే వరస. దాంతో చదువు రాని ఉమామహేశ్వరమ్మ మనసులో ఒక అనుమానం నాటుకుంది. మగపిల్లాడు పుట్టాడన్న కబురు యముడికి ఈ పుస్తకంలోంచే పోతోందని. కడుపు కాలిన తల్లి ఆలోచనకు తర్కం వెతకడం మనకు తగదు.

మూడోసారి నొప్పులు మొదలైనప్పుడు మంత్రసాని ఆదెమ్మ వచ్చింది. ఆదెమ్మ పుట్టిల్లు నల్లమల అడవి. పెళ్లయి కొండ దిగి వచ్చి ఊరి చివర కొట్టం వేసుకుంది. ఊళ్లో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. ఆ ఊరి ఆచారం ప్రకారం బిడ్డ పుట్టగానే మంత్రసాని గడప దగ్గరికి వచ్చి, బయట కాచుకున్న మగవాళ్లకు ఏం బిడ్డో గొంతెత్తి చెప్పాలి. ఆమె చెప్పేదాకా ఇంకొకరు నోరు విప్పకూడదు. ఆ ఒక్క మాటప్పుడు మునసబైనా సరే, ఆమె నోటి వంక చూస్తూ నిలబడాల్సిందే.

ఆ రోజు బొడ్డు కోసి ఆదెమ్మ లేవబోతుంటే ఉమామహేశ్వరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఆదెమ్మా, ఆడబిడ్డ అని చెప్పు. నీ కాళ్లు మొక్కుతా.”

“మొగబిడ్డని చేతిలో పెట్టుకోని అట్లెట్ల చెప్పేదమ్మా?”

“చెప్పు. వీడన్నా బతకనీ.”

ఆదెమ్మ బిడ్డను చూసింది, తల్లిని చూసింది. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలంటారు. పట్టింది. గడప దగ్గరికి పోయి ఆడబిడ్డ అని అరిచింది.

సుబ్బయ్యకు ఆ సాయంత్రమే తమ్ముడు నిజం చెప్పాడు. ఆయన కూడా పోయిన ఇద్దరు పసివాళ్లను చేతుల మీద మోసుకుపోయి పూడ్చి వచ్చినవాడే. పుస్తకం తీసి ఆడశిశువు అని రాశాడు.

బిడ్డ బతికాడు. పావడా కట్టారు, జడ వేశారు, ముక్కు కుట్టించారు, నరసమ్మా అని పిలిచారు. ఏడో ఏట అహోబిలంలో తలనీలాలిచ్చి, చొక్కా తొడిగి నరసింహులు అన్నారు. ఊళ్లో వాళ్లకు అదేం వింత కాదు. పిల్లలు నిలవని ఇళ్లలో అలాంటి వేషాలు మామూలే. పుస్తకంలో రాసిన సంగతి మాత్రం ఆ నలుగురికి తప్ప తెలియదు. ఆ నలుగురూ దాన్ని మరిచిపోయారు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు నరసింహులు నంద్యాలలో చదువు ముగించాడు. అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. పుట్టిన తేదీకి రుజువు తెమ్మంటే ఆళ్లగడ్డ తాలూకా ఆఫీసులో నకలు తీసుకుని, విప్పి కూడా చూడకుండా పట్టుకుపోయాడు. నంద్యాల ఆఫీసులో పెద్ద గుమాస్తా దాన్ని అందరికీ వినబడేలా చదివాడు. ఆడశిశువు. కుర్చీలు కిర్రుమన్నాయి. దిద్దించుకొస్తేనే ఉద్యోగం అన్నారు. ఆసుపత్రిలో డాక్టరు చూసి రాసివ్వాలన్నారు. ఆ పనీ అయింది. ఇంటికొచ్చిన కొడుకు ముక్కు మీది పాత రంధ్రాన్ని గోటితో గిల్లుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు.

“గుడ్డలిప్పి నిలబడినా మా, నేను మొగోన్నని రాయించుకోడానికి,” అన్నాడు తల్లితో. “నీ పుణ్యమే.”

ఉమామహేశ్వరమ్మకు భూమి చీలితే బాగుండుననిపించింది. బతికించుకోవడానికి చేసిన పని వాడి తల దించుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

అన్నదమ్ములిద్దరూ ఆళ్లగడ్డ పోయి కనుక్కొని వచ్చారు. పొరపాటున తప్పు రాసి ఉంటే దిద్దడానికి చట్టంలో దారి ఉందట. ఎవరి వల్ల పొరపాటు జరిగిందో ఆ మనిషి వచ్చి ఒప్పుకోవాలి. కావాలని అబద్ధం చెప్పి రాయిస్తే మాత్రం అది నేరం, చెప్పినవాళ్లకూ రాసినవాళ్లకూ శిక్ష.

“పొరపాటేనని చెప్పినా,” అన్నాడు సుబ్బయ్య. “ఎవురిదని అడిగినారు. మంత్రసానిది అన్నా.”

“ఆ యమ్మ తప్పు యాడుంది బావా? చెప్పమన్నది నేను గదా!”

“అయితే ఆ మాటే పోయి చెప్పు. నా మునసబు గిరీ పాయె, నీ కొడుకు నౌకరీ పాయె. ఇంట్లో కూచోని చూసుకుందాం.”

అందరూ ఆమె వంకే చూశారు, కొడుకుతో సహా. ఆదెమ్మను అడిగే పని కూడా ఆమెకే పడింది. ఆడదాని దగ్గరికి ఆడదే పోవాలన్నారు. సిగ్గుపడే పనులు ఇళ్లలో ఎవరికి పడతాయో వేరే చెప్పాలా.

ఆదెమ్మ కొట్టం ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. అంతా విని, చేతులు తుడుచుకుంది.

“అంటే, మొగబిడ్డేదో ఆడబిడ్డేదో తెలీక చెప్పినానని నేను ఒప్పుకోవాల.”

“ఊరికే ఒక ఏలిముద్ర ఆదెమ్మా. ఆ కాయితం ఆడనే పడుంటాది. ఊళ్లో ఎవురికీ తెలీదు.”

ఆదెమ్మ తీసిన గింజలన్నీ ఒక పక్కకు ఊడ్చింది. “నా చేతుల్లో పడినోడు,” అంది ఆఖరికి. “వస్తాలే పో.”

తాలూకా ఆఫీసు వసారాలో ఆ రోజు జనం నిండుగా ఉన్నారు. గుమాస్తా కాగితం చదివాడు. బిడ్డ పుట్టినప్పుడు దీపం సరిగా లేనందున, మగశిశువును ఆడశిశువుగా భ్రమపడి చెప్పితిని. అప్పుడు పట్టపగలని ఉమామహేశ్వరమ్మకు తెలుసు, ఆదెమ్మకూ తెలుసు.

“ఏమ్మే, ఇన్ని కాన్పులు చేసినావంట, ఏది ఏందో తెలీదా నీకు?” అన్నాడు గుమాస్తా. వసారా అంతా గొల్లున నవ్వింది. “పెండ్లిండ్లు గూడా ఈమె చెప్పిన లెక్కనే చేసినారేమో చూడండప్పా,” అన్నాడు ఇంకెవడో.

ఆదెమ్మ ఒక్కసారి తల తిప్పి ఉమామహేశ్వరమ్మను చూసింది. తిట్టే చూపు కాదు. ఇప్పుడన్నా ఒక మాట అంటావేమోనన్న చూపు. ఉమామహేశ్వరమ్మ కొంగు సర్దుకుని నేల చూపులు చూసింది. ఆదెమ్మ వేలు నల్లసిరాలో ముంచి అద్దింది.

కాగితం ఆఫీసులోనే ఉంది. మాట మాత్రం వాళ్లకన్నా ముందే ఊరు చేరింది. నరసింహులు ఉద్యోగంలో చేరాడు, ముక్కు రంధ్రం పూడిందో లేదో గానీ తల ఎత్తుకు తిరిగాడు. ఆదెమ్మను కాన్పులకు పిలవడం తగ్గింది. నొప్పులు రాగానే బండి కట్టి ఆళ్లగడ్డ ఆసుపత్రికి పోసాగారు. ఆమె వీధిలో పోతుంటే పిల్లలు మేకపోతును చూపించి, “అవ్వా, ఇది ఆడదా మొగదా?” అని అరిచేవాళ్లు.

ఒకనాడు శెనక్కాయలు ఒలుస్తూ ఆడవాళ్లు ఆ మాటే ఎత్తి విరగబడి నవ్వారు. వాళ్లతో పాటు ఉమామహేశ్వరమ్మ కూడా నవ్వింది. నవ్వకపోతే అనుమానిస్తారని నవ్వింది. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంటే తన మీద తనకే రోత పుట్టింది. అన్నం సహించలేదు. రేపు పోయి ఆదెమ్మ కాళ్ల మీద పడతాననుకుంది. ఆ రేపు రాలేదు. ఆదెమ్మ ఎదురొస్తుంటే సందు మార్చి పోవడం మాత్రం అలవాటైంది.

నాలుగేళ్లు గడిచాయి. కోడలు శివమ్మకు తల్లి లేదు కాబట్టి మొదటి కాన్పు అత్తగారింట్లోనే పెట్టుకున్నారు. ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసుకుపోదామని బండి కూడా సిద్ధం చేశారు. ముసురు పట్టి వక్కిలేరు పొంగింది. బండి దాటే దారి లేదు. శివమ్మ నొప్పులకు తాళలేక కేకలు పెడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందన్నారు చూసినవాళ్లు.

ఉమామహేశ్వరమ్మ గోనెసంచి నెత్తిన వేసుకుని ఆ వానలో ఊరి చివరికి పరుగెత్తింది. కొట్టం ముందు బురదలో నిలబడిందే గానీ ఏమని పిలవాలో తెలియలేదు. ఆదెమ్మే బయటికి వచ్చింది. బొడ్డు కోసే కొడవలి తీసుకుని ముందు నడిచింది.

పొద్దు వాలేదాకా ఆదెమ్మ చేతులు ఆగలేదు. కడుపు నిమిరి, నూనె రాసి, శివమ్మను తిట్టి, బుజ్జగించి, బిడ్డను తిప్పింది. ఆఖరికి లోపల కేర్‌మన్న ఏడుపు వినబడింది. వసారాలో బేతంచెర్ల బండల మీద పచార్లు చేస్తున్న సుబ్బయ్య, రంగయ్య, నరసింహులు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

ఆదెమ్మ బొడ్డు కోసింది. బిడ్డను పాత చీర పేలికలో చుట్టింది. గడప దాకా వచ్చింది. అక్కడ ఆగి, మూటను ఉమామహేశ్వరమ్మ చేతుల్లో పెట్టింది.

“నువ్వే చూసి చెప్పమ్మా.”

“ఆదెమ్మా, ఆ మాట నువ్వు చెప్పాల.”

“నా మాట సర్కారులోనే చెల్లలేదు.”

మెల్లగానే అంది గానీ గడప అవతల ముగ్గురికీ వినబడింది. ఆమె పెరటి వైపు పోయి చేతులు కడుక్కోసాగింది. ఉమామహేశ్వరమ్మ పేలిక విప్పి చూసింది.

“ఆడబిడ్డ,” అంది.

బయట ఎవరూ సంతోషపడలేదు, బాధపడలేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరసింహులే అడిగాడు.

“నిజమేనా మా?”

ఎగతాళికి అనలేదు వాడు. నిజంగా తెలియకే అడిగాడు. ఉమామహేశ్వరమ్మకు తల కొట్టేసినట్టయింది. మనవరాలిని పట్టుకుని పెరటి గుమ్మానికి పోయింది.

“ఆదెమ్మా, నువ్వన్నా ఒక మాట చెప్పు. నా మాట వీళ్లు నమ్మడంల్యా.”

ఆదెమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది, కొడవలి అందుకుంది, వానలోకి దిగింది.

“నాకేం తెలుసమ్మా,” అంది.