బొబ్బట్టు మెడ వంకర

కుక్క తోక వంకర అని చెప్పి పెద్దలు ఊరుకున్నారు. మెడ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నా ఇరవై ఆరో ఏట ఆ నాలుగు రోజులు అలా తగలబడేవి కావు. ఒక కుక్క మెడ సరిచేయబోయి నా పరువునీ, నా ఉద్యోగాన్నీ, చివరికి నా సొంత మెడనీ ఎలా ప్రమాదంలో పడేసుకున్నానో ఇప్పుడు చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి మాత్రం ఏడాది పట్టింది.

ముందే చెబుతున్నాను, కుక్క నాది కాదు. కష్టమంతా అక్కడే ఉంది. అది మా మేనేజరు మాధవి గారిది. బీగిల్ జాతి. నేతిలో దోరగా కాలిన రంగు, చెంపల మీద వేలాడే చెవులు. ఆవిడది భీమవరం కాబట్టి, తిండి మీద మమకారం కొద్దీ దానికి బొబ్బట్టు అని పేరు పెట్టుకున్నారు. ఆఫీసు పని మీద ఆవిడ వారం రోజులు సింగపూర్ వెళ్లాల్సి వచ్చింది. "మా వాణ్ని ఎవరైనా చూసుకుంటారా?" అని మీటింగులో అడిగేసరికి టీమంతా ల్యాప్‌టాప్‌ల వెనక తలలు దాచుకుంది. నేనొక్కణ్నే చెయ్యెత్తాను. జంతుప్రేమ అనుకునేరు. అది అప్రైజల్ నెల, జీతం పెంపు ఆవిడ చేతిలో తేలే నెల.

"వాడు నా బిడ్డలాంటివాడు శ్రీకాంత్. జాగ్రత్తండీ," అన్నారు ఆవిడ, బొబ్బట్టు తాడు నా చేతికిస్తూ.

"మీరేం టెన్షన్ పడకండి మేడమ్. మీరొచ్చేసరికి నిగనిగలాడుతుంటాడు."

నిగనిగల సంగతి దేవుడెరుగు. శనివారం నా చేతికొచ్చిన కుక్క మంగళవారం పొద్దున లేచేసరికి తల ఎడమ పక్కకి వాల్చేసి కూర్చుంది. పక్కింటి గొడవ గోడ ఇవతల నుంచి వింటున్నవాళ్లు ఎలా కూర్చుంటారో అచ్చం అలాగే. పిలిచినా అలాగే, ఇడ్లీ చూపించినా అలాగే.

కొత్తగూడలో నాతో పాటు ఆ ఫ్లాట్‌లో ఉండే శ్రీశైలం పళ్లు తోముకుంటూ వచ్చి చూశాడు. వాడిది వికారాబాద్ వైపు. ఇంటి దగ్గర బర్రెలున్నాయి కాబట్టి ఏ జంతువు గురించైనా మాట్లాడే హక్కు తనకుందని వాడి నమ్మకం.

"ఏందిరా, గిట్ల చూస్తుంది?"

"మెడ పట్టేసినట్టుంది రా."

"మరి దవాఖానకు తీస్కపో."

"ఏ దవాఖానకు పోయినా దీని ఫైలు అడుగుతరు. ఫైలు మేడమ్ ఇంట్ల ఉంది. ఫైలేడుందని అడిగితే ఎందుకని అడుగుతది."

"అడిగితే చెప్పు. కుక్క ఆమెదే గద?"

"అప్రైజల్ నాది గద!"

శ్రీశైలం నా వంక జాలిగా చూసి నోరు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఉపాయం ఆలోచించాను. మా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో దీన్ని వర్కరౌండ్ అంటారు. అసలు రోగం జోలికి పోకుండా పైపైన అతుకు వేసి, క్లయింటు చూసేలోపు గండం గట్టెక్కడం. నాలుగేళ్లుగా అదే చేసి జీతం తీసుకుంటున్నవాణ్ని, కుక్క విషయంలో మాత్రం కొత్త బుద్ధి ఎక్కడి నుంచి వస్తుంది?

మధ్యాహ్నం క్యాంటీన్‌లో "మా ఫ్రెండు కుక్కకి మెడ పట్టేసింది" అన్నాను. అంతే, మూత తీసిన సోడాలా బల్ల పొంగింది. మా ఆఫీసులో మెడ నొప్పి లేనివాడు ఇంకా ట్రైనింగులో ఉన్నట్టు లెక్క. ఒకడు మెడకి పట్టీ, ఒకామె నడుముకి బెల్టు, ఒకాయన కుర్చీ వెనక రెండు దిళ్లు. ఒకరు సూదుల వైద్యం అన్నారు, ఒకరు నీళ్లలో నడిపించమన్నారు, ఒకరు శక్తి చికిత్స అన్నారు. "అసలది మెడేనా?" అని ఒక్కరూ అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. మెడలు వంగిపోయినవాళ్లందరం కలిసి కూర్చుంటే లోకంలో వంగినదల్లా మెడ నొప్పిగానే కనిపిస్తుంది మరి.

ఆ సాయంత్రమే నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవర్‌కి తీసుకెళ్లాను. పెంపుడు జంతువుల వెన్నెముక స్టూడియో అట. ఫైలు అడగలేదు. నా ప్రాణం లేచొచ్చింది. దానికి బదులు ఒక ఫారం ఇచ్చారు. 'మీ పెట్‌కి ఇంట్లో తగిన గుర్తింపు దొరుకుతోందా?' అని అందులో ఒక ప్రశ్న. నాకే దొరకడం లేదని రాద్దామనుకుని మానుకున్నాను. వికాస్ అనే అతను వచ్చి తనను తాను కోచ్ అని పరిచయం చేసుకున్నాడు. బొబ్బట్టుని అటు నడిపించాడు, ఇటు నడిపించాడు, కళ్లు మూసుకుని ఆలోచించాడు.

"నొప్పి మెడలో కనిపిస్తోంది కానీ సార్, మూలం తోకలో ఉంది."

"తోకలోనా?"

"ఊపడంలో బ్యాలెన్స్ లేదు సార్. గమనించారా? కుడివైపు ఎక్కువ ఊపుతున్నాడు."

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టేవాళ్ల గురించి విన్నాను కానీ, తోకకీ మెడకీ వేసేవాణ్ని చూడటం అదే మొదలు. అయినా తలూపాను. ఏసీ గదిలో, గోడకి వెన్నెముక బొమ్మ తగిలించుకుని ఎవరేం చెప్పినా నమ్మే వయసు నాది. అతను రెండు వేళ్లతో దాని వీపంతా నొక్కాడు. బొబ్బట్టు హాయిగా నిద్రపోయాడు. లేచాక తల మళ్లీ ఎడమకే.

"తగ్గలేదు కదండీ?"

"లోపల మొదలైంది సార్. బయటికి కనిపించడానికి టైం పడుతుంది."

మేం క్లయింట్లకి వారానికి రెండుసార్లు చెప్పే మాటే అది. ఏ ముఖంతో ఎదురు చెప్పను?

బుధవారం మాధవి గారు వీడియో కాల్ చేశారు. "మా వాడేడీ? ఒక్కసారి చూపించండి."

నా గుండె జారి చెప్పుల్లో పడింది. కానీ ఇంజనీరింగ్ చదువు ఊరికే పోతుందా? బొబ్బట్టు తల ఎంత వాలిందో ఫోనుని కూడా సరిగ్గా అంతే వాల్చి పట్టుకున్నాను. తెరమీద కుక్క నిటారుగా వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"అబ్బ, బంగారుకొండ, ఎంత బుద్ధిగా కూర్చున్నాడో! అదేంటండీ, వెనక కర్టెన్ అలా పక్కకి వేలాడుతోంది?"

"గాలి మేడమ్. ఇక్కడ ఒకటే గాలి."

"గాలికి బీరువా కూడా వంగిందా?"

"హలో మేడమ్? మేడమ్, మీ మాట కట్ అవుతోంది," అని నేనే కట్ చేశాను.

ఇందులో నవ్వుకోలేని ముక్క ఒకటుంది, అదీ చెబుతాను. ఆవిడ గొంతు వినగానే బొబ్బట్టు తల ఎత్తబోయాడు. ఎత్తలేక సన్నగా మూలిగాడు. కాల్ అయిపోయాక కూడా ఫోను వంకే చూస్తూ కూర్చున్నాడు. నాకు సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. కానీ సిగ్గు కన్నా అప్రైజల్ భయం పెద్దది కాబట్టి, గురువారం ప్రగతి నగర్ వెళ్లాను.

అక్కడ చెరువు కనిపించే ఫ్లాట్‌లో ఒక శక్తి చికిత్స ఆవిడ ఉన్నారు. తెల్లచీర, మెల్లని మాట. బొబ్బట్టుని ముట్టుకోకుండానే వాడి చుట్టూ చేతులు తిప్పి, నా కళ్లలోకి చూశారు.

"వీడికేం లేదు నాన్నా. నీ బరువు వీడు మోస్తున్నాడు. నువ్వు ఎవరికో భయపడుతున్నావు."

నేను కుర్చీలోంచి పడబోయాను. ఎలా కనిపెట్టారు! హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే ఎవడితో అయినా ఈ మాట అనవచ్చని అప్పుడు తట్టలేదు.

"మరి ఏం చెయ్యమంటారమ్మా?"

"వాడు తల ఎడమకి వాలిస్తే నువ్వు కుడికి వాల్చి ఎదురుగా కూర్చో. శక్తి సమానమవుతుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట."

కూర్చున్నాను. చదువుకున్నవాణ్ని, చొక్కా ఇస్త్రీ చేసుకునేవాణ్ని, ఒక బీగిల్ ఎదురుగా నేల మీద తల వాల్చి గంటసేపు కూర్చున్నాను. ఆఫీసు నుంచి వచ్చిన శ్రీశైలం తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఏందిరా ఇది? పొద్దున ఒక్కటే వంకరుండె. ఇప్పుడు ఇద్దరైతిరి?"

"డిస్టర్బ్ చెయ్యకు రా. శక్తి సమానమైతుంది."

శక్తి సంగతి తెలియదు కానీ, లేచి చూసుకుంటే నా మెడ కుడివైపే బిగుసుకుపోయింది. శుక్రవారం పొద్దున బొబ్బట్టు ఇడ్లీ వాసన కూడా చూడలేదు. కాలితో చెవి దగ్గర గీరుకుంటూ, గీరుకున్నప్పుడల్లా ఏడుస్తున్నాడు. మరునాడు మాధవి గారు దిగుతారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నేను ఆకులు కూడా ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టే రకం కాబట్టి, కొండాపూర్‌లో జంతువులని నీళ్లలో నడిపించే చోటికి పరిగెత్తాను.

అక్కడ ఫిజియో చేసే అమ్మాయి పేరు గ్రేస్. బొబ్బట్టుని ఒక్క చూపు చూసి చేతులు కట్టుకుంది.

"డాక్టరు గారు చూశారా అండీ?"

"ముగ్గురు చూశారు... అంటే డాక్టర్లు కాదు. ఒక కోచ్, ఒక అమ్మగారు, ఒక క్యాంటీన్..."

"డాక్టరు చూడకుండా నేను ముట్టుకోనండీ. వెన్నుపూస జబ్బైతే నా దగ్గర పని ఉంటుంది. ఏ జబ్బో తెలియకుండా నీళ్లలో దించితే పాపం తగులుతుంది. ఇక్కడికి దగ్గర్లోనే గవర్నమెంటు పశువుల ఆస్పత్రి ఉంది, వెళ్లండి."

"ఫైలు అడుగుతారేమో..."

"కుక్కనడుగుతారు సార్, వెళ్లండి!"

పశువుల దవాఖానలో మాతో పాటు రెండు మేకలు, ఒక దూడ ఉన్నాయి. మా వంతు వచ్చింది. డాక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి. ఎడమకి వాలిన కుక్కనీ, కుడికి వాలిన నన్నూ మార్చి మార్చి చూశారు.

"ఇద్దరిట్ల రోగం ఎవరికయ్యా?"

"కుక్కకే మేడమ్. నాది... దానికి బ్యాలెన్స్ కోసం."

ఆవిడ ఇంకేం అడగలేదు. ఫైలు అసలే అడగలేదు. బొబ్బట్టు ఎడమ చెవి ఎత్తి, టార్చి వేసి, "అమ్మమ్మమ్మ!" అన్నారు. మందు చుక్కలు వేసి, సన్నటి పట్టకారు లోపలికి పోనిచ్చి ఏదో పట్టి లాగారు. బియ్యపు గింజంత గడ్డి ముల్లు, ఒళ్లంతా నూగుతో.

"ఏడ తిప్పినవ్ దీన్ని?"

"ఇంటి ఎనక ఖాళీ ప్లాట్ల మేడమ్. గడ్డిల ఇడిచిపెట్టి... ఫోన్ చూసుకుంట కూసున్న."

"గడ్డి ముల్లు చెవులకు పోయింది. చెవిల నొప్పుంటే తల గట్లనే వాలుస్తది. ఇంకిన్ని దినాలు నానబెడితే చెవుడొచ్చేది. ఎన్ని దినాలైంది గిట్లయి?"

"నాలుగు దినాలు మేడమ్. మెడ పట్టిందనుకుని ఇద్దరు ముగ్గురికి చూపిచ్చిన."

"మెడ మీద అందరు చేతులు పెట్టినట్టున్నరు. చెవెత్తి ఎవ్వరన్న చూసిన్రా?" ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "అది నోరు లేని జీవమయ్యా. నోరున్నోనివి, నువ్వేం చేసినవ్ ఈ నాలుగు దినాలు?"

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. నేను పట్టకారుతో పోయేదానికి సైబరాబాదంతా తిరిగాను. అప్పుడే బొబ్బట్టు చెవులు పటపటలాడించుకుని, తల నిటారుగా ఎత్తి, నా చెయ్యి నాకాడు. అంత చేసిన చేతిని. మేకలవాళ్ల ముందే ఏడ్చేశాను.

శనివారం మాధవి గారు వస్తే దాచకూడదని నిశ్చయించుకున్నాను. ఆవిడ మా ఫ్లాట్‌లో అడుగుపెట్టగానే, తోక దగ్గర మొదలుపెట్టి బీరువా దాకా అంతా చెప్పేశాను. ఆవిడ బొబ్బట్టుని ఒళ్లో పెట్టుకుని చెవి నిమురుతూ విన్నారు. చివరికి, "ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది కదండీ. నాకు చెప్పడానికి అంత భయమా?" అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి, తిట్టినా బాగుండేదనుకున్నాను. అప్రైజల్ అప్పుడే నా కళ్ల ముందు నుంచి మూటా ముల్లే సర్దుకుని వెళ్లిపోయింది.

ఆవిడ లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగారు. వెనక్కి తిరగడానికి మెడ తిప్పలేదు, మనిషి మొత్తం తిరిగారు.

"ఆ నానక్‌రామ్‌గూడ అతను... మనుషులకి కూడా చేస్తాడా?"

"మేడమ్?"

"నెల నుంచి నా మెడ ఎడమకి తిరగట్లేదండీ."

"అది కుక్కలకి మేడమ్! పైగా వీడికి తగ్గనేలేదు. చెవిలో ముల్లు..."

"చెవిలో ముల్లు లేకపోయుంటే తగ్గేదేమో కదా?" అన్నారు ఆవిడ, సీరియస్‌గా. "సోమవారం పొద్దున స్టాండప్ మీటింగు అవగానే తీసుకెళ్లండి."

ఆ గుమ్మంలోనే, పట్టేసిన మెడ సాక్షిగా, ఒట్టు పెట్టుకున్నాను. అప్రైజల్ నెలలో పరాయి కుక్క తాడు పట్టుకోను. పట్టుకున్నా, దానికి తుమ్మొచ్చినా సరే యజమానికి దాచను. ఇకమీదట ఎవరి తల ఏ పక్కకి వాలినా ముందు చెవెత్తి చూస్తాను. మాధవి గారి చెవెత్తి చూసే ధైర్యం మాత్రం ఇప్పటికీ రాలేదు.