మిద్దె మీద తీతువు

తీతువు పిట్ట ఇంటి మీద అరిస్తే చెడు కబురు వస్తుందని మా కృష్ణా జిల్లాలోనూ అంటారు. అలాంటి పిట్ట అరుపు మీదే నేను పరిశోధన చేయబోతున్నానని చెప్పినప్పుడు మా అమ్మ రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. మూడో రోజు పప్పు వడ్డిస్తూ, "లోకంలో ఇంకే పిట్టా దొరకలేదుటే నీకు?" అంది. చిలకో, కోయిలో అయితే చుట్టాలకు చెప్పుకోవడానికి బాగుండేదని ఆవిడ బాధ.

నాకు కావలసింది ముద్దొచ్చే పిట్ట కాదు, గొంతున్న పిట్ట. శంషాబాద్ దగ్గర రాళ్ళగుట్టల మధ్య కొత్త విమానాశ్రయం తెరిచి మూడేళ్ళయింది. పెద్ద రొద ఉన్నచోట కొన్ని పక్షులు వినబడేందుకు తమ గొంతు సన్నగా, పైస్థాయికి మార్చుకుంటాయని అప్పటికే శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మరి రోజంతా విమానాలు నెత్తి మీదుగా పోతుంటే తీతువు ఏం చేస్తుంది? దాని అరుపు మారుతుందా? మారితే, పిల్లలకు ఆ మార్పు పుట్టుకతో వస్తుందా, తల్లిదండ్రుల్ని విని నేర్చుకుంటాయా? ఇదీ నా ప్రశ్న. అడగడానికి రెండు వాక్యాలే గాని, దాని వెంట తిరిగి నా రెండు జతల చెప్పులు అరిగిపోయాయి.

శంషాబాద్ పాత రోడ్డు వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటివాళ్ళు ముస్లింలు. నేను వాళ్ళను చాచా, చాచీ అనేదాన్ని. చాచా ఉద్యోగం ఏమిటో మొదటి రోజే తెలిసి నవ్వు ఆపుకోలేకపోయాను. రన్‌వే పక్కన జీపులో తిరుగుతూ, విమానాలకు పక్షులు తగలకుండా టపాకాయలు పేల్చి వాటిని తరమడం ఆయన పని. కాంట్రాక్టు నౌకరీ. నా మెడలో బైనాక్యులర్ చూసి ఆయనా నవ్వాడు.

"నువ్వు పిట్టల్ని చూస్కుంట తిరుగుతవ్, నేను ఎల్లగొట్టుకుంట తిరుగుత. ఇద్దరిదీ పిట్టల నౌకరే బేటా."

ఆ ఎండాకాలం నాకు కలిసిరాలేదు. తీతువు చెట్టెక్కి గూడు కట్టే రకం కాదు. ఖాళీ నేల మీద, గులకరాళ్ళ మధ్య, రాళ్ళ రంగులోనే గుడ్లు పెడుతుంది. ఖాళీ నేల కనబడితే చాలు ప్లాట్లు వేసే రోజులవి. ఇవాళ గుడ్లు చూసి వచ్చిన చోట రేపటికి ట్రాక్టరుతో చదును చేసి హద్దు రాళ్ళు, కడీలు పాతేసేవారు. అదీ కాకపోతే కుక్కలు. ఒక్కొక్క గూడూ పోతుంటే నాకు ఏడుపు కాదు, ఒళ్ళు మండిపోయేది. గగన్‌పహాడ్ దగ్గర ఒక వెంచర్ మేనేజరుతో నడిరోడ్డు మీద పోట్లాట పెట్టుకున్నాను. ఆయన ఓపికగా అంతా విని, "మేడమ్, కార్నర్ బిట్ ఉంది, చూస్తారా?" అన్నాడు.

అలా మండిపోతూ ఇంటికొచ్చిన ఒక సాయంత్రం, ఆరేసిన బట్టలు తేవడానికి మిద్దె ఎక్కాను. ఎక్కగానే నెత్తి మీద నుంచి "తీ... తీ... తీతూ!" అంటూ ఒక పక్షి దూసుకుపోయింది. ఎర్రముక్కు, కంటి ముందు ఎర్రతోలు, పొడుగాటి పసుపు కాళ్ళు. రేపో మాపో పై అంతస్తు వేద్దామని చాచా పోయించి పెట్టిన కంకర ఒక మూల పరుచుకుని ఉంది. పిల్లర్ల కోసం వదిలిన ఇనప చువ్వల పక్కన, ఆ కంకరలో, నాలుగు గుడ్లు. మొనలన్నీ లోపలికి తిప్పి పొందిగ్గా పెట్టి ఉన్నాయి. ఊరంతా తిరిగి నేను వెతుకుతున్నది నా నెత్తి మీదే ఉంది. బట్టలు అక్కడే వదిలేసి రికార్డరు కోసం కిందికి పరుగెత్తాను.

ఆ సంతోషం వారం రోజులే.

చాచీ కూతురు పురుటికి పుట్టింటికి వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆ అమ్మాయికి ఏడో నెలలో బిడ్డ పోయింది. అందుకే ఈసారి చాచీ కూతుర్ని చెంబెడు నీళ్ళు కూడా ఎత్తనిచ్చేది కాదు. పహాడీ షరీఫ్ దర్గా మెట్లన్నీ మోకాళ్ళ నొప్పులతో ఎక్కి, తాయెత్తు తెచ్చి కూతురి చేతికి కట్టింది. ఆ ఇంట్లో అందరూ మాట్లాడే ప్రతి మాట వెనకా ఆ కడుపులో బిడ్డే ఉండేది. సరిగ్గా అప్పుడే మిద్దె మీద తీతువు పొద్దస్తమానం అరుపు మొదలుపెట్టింది. పక్కింటి అక్క గోడ మీద నుంచి తొంగిచూసి అననే అంది.

"కడుపుతోటి ఉన్న పిల్లని ఇంట్ల పెట్టుకొని, నెత్తి మీద తీతువును కూసోబెడ్తరా వదినా? జర సోంచాయించుండ్రి."

చాచీ ముఖం వాడిపోయింది. ఆ సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి, "బేటా, నీ సదువు నాకు తెల్వది. నా బిడ్డ తెల్సు. ఆ పిట్టని పంపియ్యి" అంది. కోపంగా అంటే నేనూ కోపంగా ఏదో అనేదాన్ని. ఆమె బతిమాలింది.

పంపే పని చాచా నెత్తిన వేసుకున్నాడు. ఇంట్లో ఉన్నదే పక్షుల్ని తరిమే మనిషి, ఇంకొకరెందుకు? దీపావళికి మిగిలిన టపాకాయలు తీసి, డ్యూటీ చొక్కాతోనే మిద్దె ఎక్కి మూల మీద ఒకటి పేల్చాడు. పక్షులు రెండూ లేచి వెళ్ళిపోయాయి. "చూసినవా, రెండు నిమిషాల పని" అంటూ ఆయన మీసం దువ్వుకుంటూ మెట్లు దిగుతున్నాడో లేదో, అవి తిరిగొచ్చి ఇల్లు అదిరేలా అరవసాగాయి. ఇంకోటి పేల్చాడు. ఇంకా అరిచాయి. రన్‌వే పక్కన వాలే పక్షికి అక్కడ ఏమీ లేదు, భయపడితే పోతుంది. ఇక్కడ గుడ్లున్నాయి, ఎక్కడికని పోతుంది? ఆ సంగతి చాచాకు తట్టలేదు. ఆయన పేలుస్తుంటే చెప్పాలని నాకూ తట్టలేదు, నా గుడ్లు ఎక్కడ పగులుతాయోనన్న కంగారులో ఉన్నాను. చీకటి పడేదాకా టపాకాయలు ఒక పక్క, తీతువులు ఒక పక్క. లోపల ఆ అమ్మాయి చెవులు మూసుకుని మంచం మీద కూర్చుంది. చాచీ వచ్చి మొగుడి చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుంది.

"మీ నౌకరీ ఏర్‌పోర్టుల చేసుకోండ్రి. ఇంట్ల ఒద్దు."

మరునాడు పొద్దున నేనే వెళ్ళి చాచీ ముందు కూర్చున్నాను. ఆ పిట్ట ఊరికే అరవడం లేదని, మనం మిద్దె ఎక్కితేనే అరుస్తోందని చెప్పాను. బట్టలకు ఒకరు, మిరపకాయలు ఎండబెట్టడానికి ఒకరు, పడుకోవడానికి ఇంటిల్లిపాదీ, దాన్ని రికార్డు చేయడానికి నేను, రోజంతా ఎవరో ఒకరం ఎక్కుతూనే ఉన్నాం. ఎవ్వరం ఎక్కకపోతే అది నోరు మూసుకుంటుంది. గుడ్లు పిల్లలు కాగానే తనే దిగి వెళ్ళిపోతుంది. "అందరికంటే ముందు నేను మానేస్తాను చాచీ" అన్నాను. అరుపు మీద పరిశోధన చేసే మనిషి, అరుపు వినబడకూడదని ఒప్పందం చేసుకోవడం! మా పరిశోధన గైడుకు ఫోనులో చెబితే మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు.

చాచీ నమ్మిందో లేదో నాకు తెలియదు. ఆమె కూతురు మాత్రం నన్నే చూస్తూ అడిగింది.

"గా పిట్ట ఏమంటది అక్కా, అరిచినప్పుడు?"

"దగ్గరికి రావద్దంటుంది."

"గంతేనా?"

"అంతే. గుడ్లున్నాయి కదా."

ఆ అమ్మాయి తల్లి వైపు తిరిగి, "ఎవ్వరం ఎక్కొద్దమ్మీ" అంది.

అప్పటి శంషాబాద్‌లో ఎండాకాలం మిద్దె లేకుండా ఎలా గడుస్తుందో చెబితే ఇప్పటివాళ్ళకు అర్థం కాదు. సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరుచుకుని, దిగుతున్న విమానాల దీపాలు చూస్తూ కబుర్లు చెప్పుకుంటేనే ఆ వేడి భరించగలిగేది. ఆ ఏడాది ఇంటిల్లిపాదీ లోపలే ఉడికిపోయాం. మిరపకాయలు పక్కింటి మిద్దె ఎక్కాయి. బట్టలు సందులో తాడు మీద ఆరాయి. చాచా విసనకర్ర ఊపుకుంటూ, "నా ఇంటికి నేనే కిరాయిదార్ అయిన" అని గొణిగేవాడు. ఒప్పందం మాత్రం ఎవరూ తప్పలేదు. మిద్దె మీద అరుపు తగ్గింది. కాకి గాని పిల్లి గాని వస్తే ఒకటి రెండుసార్లు, అంతే.

నేను ఎదురింటి పై అంతస్తులో ఉన్న దర్జీ దుకాణం కిటికీ పక్కన స్టూలు వేసుకుని చూసేదాన్ని. దర్జీ అన్న ఏమీ అడిగేవాడు కాదు, కుట్టు మిషను తొక్కుకుంటూ పోయేవాడు. అక్కడి నుంచే నేను అంతకుముందు పుస్తకంలో చదవడమే గాని చూడనిది చూశాను. నడి మధ్యాహ్నం కంకర నిప్పుల్లా కాలుతున్నప్పుడు ఒక తీతువు పోయి పొట్ట ఈకలు నీళ్ళలో తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చునేది. గుడ్లు ఉడికిపోకుండా చల్లబరచడం అన్నమాట. కాసేపటికి రెండోది వెళ్ళేది. అరుపు కోసం వెతికినన్నాళ్ళూ నేను ఈ పక్షుల్ని గొంతుగానే చూశాను. నోరు మూసుకున్నాకే అవి పూర్తిగా కనబడ్డాయి. ఎంత ఇష్టం పుట్టిందో చెప్పలేను.

ఆ నీళ్ళు ఎక్కడివో తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. చాచీకి నీళ్ళంటే ప్రాణం. మోటరు వేసి, ట్యాంకు నిండీ నిండకముందే పరుగెత్తి కట్టేసే మనిషి. ఆ రోజుల్లో మాత్రం ట్యాంకు పొర్లి మిద్దె మీద మడుగు కట్టేదాకా మోటరు ఆడుతూనే ఉండేది. కిటికీలోంచి చూస్తే ఆమె కింద స్విచ్చు దగ్గరే నిలబడి ఉంది, చెయ్యి పెట్టలేదు. "నీళ్ళన్నీ సందులకు పోతున్నయ్ వదినా!" అని పక్కింటి అక్క అరిస్తే, "స్విచ్ ఖరాబైంది" అంది. నేను ఆ మాట ఆమె దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు.

నెలాఖరున ఒక మధ్యాహ్నం తీతువులు ఉన్నట్టుండి గోల మొదలుపెట్టాయి. మిద్దె మీద ఎవరూ లేరు. అయినా ఆగవు. దర్జీ దుకాణానికి పరుగెత్తి చూస్తే పిల్లలు బయటికొచ్చాయి, ఒక గద్ద పైన తిరుగుతోంది. నేను చూస్తుండగానే కింద చాచీ కేక వినబడింది. కూతురికి నొప్పులు, డాక్టరు చెప్పిన రోజుకంటే ముందే. చాచా ఆటో తెచ్చాడు. పక్కింటి అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుని, "చెప్పిన గదా నేను" అంది. ఆటో ఎక్కుతూ చాచీ నా వైపు చూడలేదు. ఇంటి తాళంచెవి మాత్రం నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం నేను మెట్ల మీద కూర్చున్నాను. ఆ బిడ్డకు ఏమైనా అయితే, నాకు ఎన్ని పట్టాలున్నా, ఏ శాస్త్రం చెప్పినా ఆ ఇంట్లో నేను తలెత్తలేను. నాకు నమ్మకాలు లేవని గొప్పగా చెప్పుకునేదాన్ని. అయినా పైన అది అరిచినప్పుడల్లా చేతిలోని ఫోను వంక చూసుకునేదాన్ని. చీకటి పడకముందే పిల్లలు ఒక్కొక్కటీ మిద్దె అంచుకు వచ్చి, తల్లి కింద నుంచి పిలుస్తుంటే పక్క ప్లాటులోని ఇసుక కుప్ప మీదికి దూకాయి. నాలుగూ లేచి నడిచాయి. ఆ సంతోషం చెప్పుకోవడానికి పక్కన ఎవరూ లేరు.

పొద్దున చాచా ఫోను. "ఆడపిల్ల బేటా. తల్లి, పిల్ల ఇద్దరు మంచిగున్నరు." తర్వాత ఏమన్నాడో నాకు గుర్తులేదు, నేను ఏడుస్తున్నాను.

2014లో ఒకసారి ఆరాంఘర్ నుంచి బస్సులో పోతూ దిగి ఆ సందులోకి వెళ్ళాను. ఆ ఇంటి మీద రెండు అంతస్తులు లేచాయి. చువ్వలు పిల్లర్లయ్యాయి, పక్క ప్లాటులో ఇల్లు. ఖాళీ నేల కనబడలేదు. నా పరిశోధనలో ఆ ఇంటి గురించి ఒక పేరా ఉంది, పొట్ట తడుపుకునే అలవాటు గురించి. అందులో లేనిది ఒకటుంది.

దవాఖాన నుంచి బిడ్డను తెచ్చిన రోజు. పక్కింటి అక్కే దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మం ముందు నిలబడింది. ఆటో సందులోకి తిరిగింది. సరిగ్గా అప్పుడే తీతువు తన పిల్లల్ని ఈ ప్లాటు నుంచి ఆ ప్లాటుకు, సందు మధ్యలోంచి నడిపిస్తోంది. ఆటోను చూడగానే పైకి లేచి, దాని కప్పు మీద తిరుగుతూ ఒకటే అరుపు. పళ్ళెం పట్టుకున్న అక్క ఒక అడుగు వెనక్కి వేసింది. అందరం చాచీనే చూస్తున్నాం. డ్రైవరు హారను కొట్టాడు.

చాచీ మనవరాలిని గుండెకు అదుముకుని, రెండో చేత్తో డ్రైవరు భుజం మీద గట్టిగా తట్టింది.

"బండి బంద్ చెయ్ భాయ్. పిల్లలు దాటుతున్నయ్, కనబడ్తలేదా?"